కంచె పక్క మూల కుర్చీ

మార్ల్‌బీ మైదానం కంచె పక్కన వేసవంతా కూర్చునే మగవాళ్ళ గురించి నాకు ఎప్పుడూ మంచి అభిప్రాయం లేదు. పెళ్ళయిన కొత్తలో లేదు, ఇప్పుడూ లేదు. వాళ్ళలో ఒకడు నా మొగుడు కావడం వల్ల ఆ అభిప్రాయం ఇంకాస్త గట్టిపడిందే తప్ప మెత్తబడలేదు.

విమానాల షో ఉన్న రోజు గేట్లు తియ్యకముందే వచ్చి వరసలో నిలబడతారు. గేటు తెరవగానే, మెట్లెక్కడానికి పది సాకులు చెప్పే ఈ మనుషులే, మడత కుర్చీలు చంకన పెట్టుకుని కంచె దగ్గరికి పరుగు తీస్తారు. ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగుతున్నప్పుడు ఆ పరుగు నేనెన్నడూ చూడలేదు. కుర్చీ వేసుకున్నాక ఇక సాయంత్రం దాకా మెడలెత్తి ఆకాశంలోకి చూడడమే పని. పాత యుద్ధ విమానాన్ని వాళ్ళు 'అది' అనరు. 'ఆవిడ' అంటారు. ఆవిడ వస్తున్నారు, ఆవిడకి ఇవాళ కాస్త దగ్గుగా ఉంది, ఆవిడ తిరిగిన తీరు చూశావా. ఇళ్ళలో ఉన్న ఆవిడలకి ఇందులో పదో వంతు మర్యాద దక్కినట్టు నాకు తెలియదు.

మా ఆయన గుంపులో నలుగురు. నాయకుడు నోరిస్ ఫెంటిమన్. ఎవరూ ఎన్నుకోలేదు, తనే అయ్యాడు. జీవితమంతా లింకన్ ఊళ్ళో తివాచీలు అమ్మాడు, సైన్యం గడప తొక్కినవాడు కాదు. కానీ షో రోజున మాత్రం వింగ్ కమాండర్ కోటు తొడుక్కుని, గుండె మీద ఎవరివో రిబ్బన్లు కుట్టుకుని వస్తాడు. పిల్లలు ఫొటో దిగుతామని దగ్గరికొస్తే "ఆ రోజుల్లో" అని మొదలుపెడతాడు. ఆ రోజులు ముగిశాకే అతను పుట్టాడు. రెండోవాడు టిబ్స్, పన్నుల ఆఫీసులో పనిచేసి దిగిపోయాడు. కంచె మీదుగా ఫొటోలు తియ్యడానికి నిచ్చెన మోసుకొస్తాడు, కెమెరా ముందు మురుగు గొట్టమంత పొడుగు కన్ను బిగిస్తాడు. అన్ని వేల ఫొటోల్లో తనది ఒక్కటీ లేదని అతని భార్యే నాతో చెప్పింది. మూడోవాడు క్లైవ్, పళ్ళ డాక్టరు. ఒకప్పుడు ఊళ్ళో అందరి నోళ్ళూ తెరిపించిన మనిషి, తన నోరు మాత్రం తెరవడు. ఎవరేమన్నా తల ఊపుతాడు. నాలుగోవాడు రోలండ్, నా భర్త. బళ్ళో భూగోళం చెప్పేవాడు.

ఈ నలుగురికీ ఒక ఆట ఉంది. వీపాట అంటారు. మేలో మొదటి షో రోజునా, సెప్టెంబర్‌లో ఆఖరి షో రోజునా ఆడతారు. కుర్చీలు వెనక్కి తిప్పి, రన్‌వేకి వీపు పెట్టి కూర్చుంటారు. పైలట్ల మాటలు వినడానికి చెవిలో పెట్టుకునే రేడియోలు తీసేస్తారు. వెనక ఏ విమానం ఇంజన్ వేశారో చప్పుడు బట్టి ఒక్కొక్కరే చెప్పాలి. అందరూ చెప్పాక వెనక్కి తిరిగి చూస్తారు. గెలిచినవాడికి కంచె వంపు తిరిగే చోట మూల కుర్చీ. విమానాలు అక్కడికొచ్చే మలుపు తిరుగుతాయి, వేడిగాలీ నూనె వాసనా తిన్నగా మొహానికి కొడతాయి. మామూలు మనిషి అయితే లేచి దూరంగా పోతాడు. వీళ్ళకది సింహాసనం. దాని వీపుకి నోరిస్ ఒక ఇత్తడి రేకు కూడా కొట్టించాడు.

చాలా ఏళ్ళుగా ఆ కుర్చీ రోలండ్‌దే. కంచె పొడుగునా అతనికి 'చెవి' అనే పేరుంది. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి, మీరేనా ఆ చెవి అని చెయ్యి కలుపుతారు. ఆ చెవి ఇంట్లో ఎలా పనిచేస్తుందో నన్నెవరూ అడగలేదు.

ఒక ఏడు మార్చిలో నేను పెరట్లో పడ్డాను. ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని వెనక మెట్టు దిగుతుంటే పాచికి కాలు జారింది. మణికట్టు విరిగిన సంగతి పడుతుండగానే తెలిసింది. రోలండ్ అని పిలిచాను. తర్వాత అరిచాను. అతను గోడకి అటువైపు గదిలోనే ఉన్నాడు. ఏదో ఇంజన్ రికార్డు పెట్టుకున్నాడు, కిటికీ అద్దాలు అదురుతున్నాయి. చినుకులు పడుతున్నాయి, తడి దుప్పట్లు నా మీదే ఉన్నాయి. చివరికి కుక్కని తిప్పడానికి వెళ్తున్న పొరుగింటి పిల్ల కంచె మీద నుంచి చూసి లోపలికొచ్చింది. ఆమె నన్ను లేపి కూర్చోబెడుతుండగా రోలండ్ వెనక తలుపు తీసి, "ఎక్కడున్నావ్, టీ చల్లారిపోయింది," అన్నాడు.

విషయం తెలిశాక ఏడ్చాడు, అది కూడా చెప్పాలి. పిండికట్టు వేస్తున్నంతసేపూ నా రెండో చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. అదే ఊపులో చెవి పరీక్షకి తీసుకెళ్ళాను. పరీక్ష చేసినమ్మాయి, జెట్ విమానాల పక్కన చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా ఎన్నేళ్ళు నిలబడ్డారని అడిగింది. చిన్నప్పట్నుంచీ అన్నాడు గర్వంగా. ఇంకా మిగిలింది చాలా తక్కువని ఆమె కాగితం మీద గీత గీసి చూపించింది. రెండు చిన్న యంత్రాలు డబ్బాలో పెట్టి ఇచ్చారు.

వాటిని ఒకే ఒక్కసారి పెట్టుకున్నాడు. ఇంటికి రాగానే చేసిన పని నన్ను పలకరించడం కాదు, స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం చప్పుడు రికార్డు పెట్టడం. కాసేపు విన్నాడు. మొహం పాలిపోయింది. రేకు డబ్బాలో కందిరీగని పెట్టి ఊపినట్టుందని చెప్పి, రెండూ పీకి డబ్బాలో పడేశాడు. ఆ డబ్బాని బీరువా సొరుగులో పెట్టాడు.

"కందిరీగలా ఉంటే ఏం?" అన్నాను. "నా మాట వినపడుతుంది కదా."

పెదాలు చూసి అర్థం చేసుకున్నట్టున్నాడు. "ఇదొక్క సీజన్ పోనీ థెల్మా. కుర్చీ పోయిందంటే ఇక అక్కడ నేనెవర్ని?"

భార్య పెరట్లో వానలో పడుంటే వినపడని మనిషికి బెంగ కుర్చీ గురించి. నాకు ఒళ్ళు మండింది. అయినా బేరం కుదిరింది. ఎలా కుదిరిందంటే, అతనికి తెలియని సంగతి ఒకటి నేనే నోరుజారి చెప్పాను. నాకు ఆ చప్పుళ్ళన్నీ తెలుసు. ఇన్నేళ్ళుగా కారులో అవే, వంటింట్లో అవే, పెళ్ళయ్యాక కార్న్‌వాల్ వెళ్తే అక్కడ గదిలో కూడా టేపు పెట్టుకుని అవే. పక్కింటి కుక్కల్లో ఏది మొరుగుతోందో చెప్పగలగడానికి కుక్కల మీద ప్రేమ ఉండక్కర్లేదు. ఏ విమానమైనా నా కంటికి రెండు రెక్కలూ ఒక తోకే. చెవికి మాత్రం అవి విడివిడి.

రోలండ్ నన్ను అలా చూడడం ఎప్పుడో పెళ్ళినాడు చూశాను. వెంటనే టేబుల్ దగ్గర కూర్చోబెట్టి ఒప్పందం మాట్లాడాడు. వాళ్ళు వీపు తిప్పి కూర్చుంటే వాళ్ళకెదురుగా గడ్డి మీద టీ బుట్ట పెట్టుకుని కూర్చునేది ఎలాగూ నేనే. ఆడదాన్ని, ఫ్లాస్కుదాన్ని, నా వైపు ఎవరూ చూడరు. స్పిట్‌ఫైర్ అయితే సాసేజ్ రోల్స్ పొట్లం విప్పాలి. పాత శిక్షణ విమానం హార్వర్డ్ అయితే చిప్స్ పొట్లం. ఈలవేసే మస్టాంగ్‌కి ఊరవేసిన ఉల్లిపాయల సీసా. కుట్టుమిషన్‌లా టకటకలాడే రెండు రెక్కల బుల్లిదానికి గుడ్డు సాండ్విచ్. సెప్టెంబర్ షోకి మాత్రమే వచ్చే నాలుగింజన్ల పాత బాంబర్‌కి ఎండుపళ్ళ కేకు. ఏమీ రాకపోతే నా చేతులు నా ఒళ్ళో. దీనికి బదులుగా మే ఆట ముగిసిన మర్నాడే చెవుల్లో యంత్రాలు పెట్టుకోవాలి. సరేనన్నాడు. పూర్తిగా విన్నాడో లేదో తెలియదు.

మే షో రోజు గాలి చల్లగా ఉంది. వీపాటకి వాళ్ళు కుర్చీలు తిప్పుకుంటుంటే కంచె దగ్గరున్న మిగతా జనం చోటిచ్చి చుట్టూ చేరారు. మొదటి రెండూ గొడవ లేకుండా జరిగాయి. మూడోసారి, షో కాగితం ప్రకారం స్పిట్‌ఫైర్ రావాలి. వరస మార్చారో ఏమో, వచ్చింది హార్వర్డ్. దాని రొద వేరు. గరగరమని చెవులు కోసేస్తుంది. తొట్టిలో పిల్లాడికి కూడా తేడా తెలుస్తుంది. నేను చిప్స్ పొట్లం చింపాను.

నోరిస్ కళ్ళు మూసుకుని, గడ్డం కొంచెం పైకెత్తి, "స్పిట్‌ఫైర్," అన్నాడు. దాన్ని ఏ ఏడాది ఏ ఫ్యాక్టరీలో చేశారో కూడా చెప్పాడు. టిబ్స్ స్పిట్‌ఫైరే అన్నాడు. క్లైవ్ తల ఊపాడు. మూల కుర్చీవాడు ఆఖరున చెప్పాలి. రోలండ్ నా ఒళ్ళోకి చూసి హార్వర్డ్ అన్నాడు. అందరూ తిరిగి చూశారు. పసుపురంగు హార్వర్డ్ వెళ్ళిపోతోంది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు, ఎవరో కుర్రాడు వచ్చి రోలండ్‌తో ఫొటో దిగాడు. నోరిస్ అతని వీపు తట్టి, గాలి అటు నుంచి వీస్తోంది కనక తనకి తేడా పడిందన్నాడు.

ముగ్గురు మనుషులు ఆ గరగరని స్పిట్‌ఫైర్ అనడమేమిటని అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నేను నా మొగుడి గెలుపు చూసి మండిపడడంలో ఉండి పట్టించుకోలేదు. చిప్స్ అందరికీ పంచాను. ఊరికే వచ్చిన చిప్స్ కదా, బాగా తిన్నారు.

మర్నాడు యంత్రాల ఊసు లేదు. అడిగితే, జూన్‌లో నార్‌ఫోక్ షో ఉంది, అక్కడ ఒక పాత జెట్ ఎగురుతుంది, దాన్ని కందిరీగగా వినలేనన్నాడు. జూన్ అయ్యాక జులై. సీజన్ ముగిసేదాకా అని చివరికి అసలు మాట చెప్పాడు. సెప్టెంబర్ ఆటకి కూడా నేనే కూర్చోవాలట. నాలుగింజన్ల ఆవిడ వస్తున్నారట.

జులైలో ఒకరోజు పొయ్యి దగ్గర బంగాళాదుంపలు మెదుపుతున్నాను. అతను నాకు వీపు పెట్టి టేబుల్ దగ్గర బైనాక్యులర్స్ తుడుచుకుంటున్నాడు. ఎందుకనిపించిందో, అతని వీపుతో మామూలు గొంతుతో మాట్లాడడం మొదలుపెట్టాను. నోరిస్ ఒక దొంగ వెధవ అని చెప్పాను. మన కొడుకు పుట్టి రెండు రోజులకే పోయినప్పుడు నువ్వు ఏ షోకి వెళ్ళావో నాకిప్పటికీ గుర్తుందని చెప్పాను. ఆ మాట నేను అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. అతను అద్దం మీద ఊది, గుడ్డతో గుండ్రంగా రుద్దుతున్నాడు. ఈనిడ్ దగ్గరికి వెళ్ళిపోతాను, తిరిగి రాను అని చెప్పాను. అద్దాన్ని వెలుగుకి పెట్టి చూసుకున్నాడు. మరక పోయినట్టుంది, సంతోషించాడు.

ఈనిడ్ మా చెల్లెలు. విట్‌బీలో సముద్రం పక్కన ఉంటుంది, భర్త పోయాక ఒక గది ఖాళీ. ఆ రాత్రి ఆమెకి ఫోన్ చేసి సెప్టెంబర్ ఆఖరున వస్తానన్నాను. ఎన్నాళ్ళుంటావని అడిగింది. పెద్ద పెట్టె తెస్తానని చెప్పాను. గదికి కొత్త కర్టెన్లు కుడతానంది.

కానీ దొంగచాటుగా పోయే మనిషిని కాదు నేను. ఆగస్టులో రోలండ్‌ని ఎదురుగా కూర్చోబెట్టి, నా పెదాలు కనపడేలా, గట్టిగా చెప్పాను. సెప్టెంబర్ ఆట వరకు కూర్చుంటాను. అది కాగానే నువ్వు యంత్రాలు పెట్టుకోవాలి. పెట్టుకోలేదో, నేను మర్నాడే విట్‌బీ బస్సెక్కుతాను, ఇక నీ టీ నువ్వే చల్లార్చుకో. అతను చాలాసేపు నా మొహం చూశాడు. తర్వాత తల ఊపాడు. క్లైవ్ కూడా అలాగే ఊపుతాడు కనక నేను దానికి పెద్ద విలువ ఇవ్వలేదు. పెట్టె అటక మీంచి దించి మంచం కింద పెట్టుకున్నాను.

ఆఖరి షోకి జనం విరగబడ్డారు. మాకు వెనకగా చేపల వేపుడు బండి ఒకటి పెట్టారు. దాని జనరేటర్ గుడగుడమని ఒకటే మోత, దాని అదురు కుర్చీ కాళ్ళలోంచి పైకి వస్తోంది. నోరిస్ ఆ రోజు తెల్ల చేతితొడుగులు కూడా వేసుకొచ్చాడు. మధ్యాహ్నం ఆవిడ వచ్చేవేళకి అందరం నిశ్శబ్దంగా ఉండాలని, ఆవిడలాంటివాటిలో ఎగిరి తిరిగిరాని కుర్రవాళ్ళకి అదే మన నివాళి అని చుట్టుపక్కలవాళ్ళకి ఉపన్యాసం ఇచ్చాడు. ఆ కుర్రవాళ్ళ ఊసు నాకూ పరాయిది కాదు, మా నాన్న తమ్ముడు అలాంటిదాంట్లోనే పోయాడు. మా ఇంట్లో ఆయన ఫొటో ముందు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. మా నాయనమ్మ దాన్ని తుడిచి పెట్టేది, అంతే.

షో కాగితం ప్రకారం వీపాటలో చివరి పందెం వేళకి రావాల్సింది బాంబర్. నలుగురూ కుర్చీలు తిప్పుకుని, రేడియోలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నేను ఎదురుగా బుట్టతో కూర్చున్నాను. ముందురోజు చేసిన కేకు డబ్బాలో ఉంది, మూత బిగించి ఉంది. రన్‌వే అవతల బాంబర్ నల్లగా, కదలకుండా నిలబడి ఉంది. దాని చుట్టూ కొందరు మనుషులు తిరుగుతున్నారు. ఒకడు నిచ్చెనెక్కి రెక్కలో తల దూర్చాడు.

అప్పుడు మైకులో చెప్పారు. ఒక ఇంజన్ మొరాయిస్తోంది, బాంబర్ ఆలస్యమవుతుంది, బహుశా ఎగరకపోవచ్చు, క్షమించాలి అని. చుట్టూ జనం ఉసూరుమన్నారు. కొందరు లేచి చేపల బండి వైపు నడిచారు. రన్‌వే ఖాళీ. గడ్డి మీద ఒక కాకి తప్ప కదిలేది లేదు.

కుర్చీల్లో నలుగురిలో ఒక్కరూ కదల్లేదు.

మొదట నాకు అర్థం కాలేదు. పరిహాసానికి అలా కూర్చున్నారనుకున్నాను. షో కాగితంలో రాసిన వేళ అయింది. టిబ్స్ వాచీ చూసుకున్నాడు. నోరిస్ కళ్ళు మూసుకున్నాడు. చేపల బండివాడు ఏం చేశాడో, జనరేటర్ ఒకసారి దగ్గి మోత పెంచింది. నోరిస్ మొహం మీద మెల్లగా ఒక వెలుగు వచ్చింది. తెల్లతొడుగు చెయ్యి ఎత్తి గుండె మీద పెట్టుకున్నాడు.

"ఆవిడే," అన్నాడు. "నాలుగూ పలుకుతున్నాయి. మూడోదానిలో కాస్త గరగర ఉంది, విన్నారా? పాపం, పెద్దదైంది."

కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నిజం నీళ్ళు. టిబ్స్ కూడా ఆవిడే అన్నాడు, మూడోది కాదు, గరగర రెండోదానిలో అన్నాడు. క్లైవ్ తల ఊపి, నేలంతా అదురుతోందని నోరు తెరిచి మరీ చెప్పాడు.

అప్పుడు వచ్చింది నాకు తెలివి. చెవిటివాళ్ళు. ముగ్గురికి ముగ్గురూ మేళం ముందు నిలబెట్టినా వినపడని చెవిటివాళ్ళు. జీవితమంతా ఇంజన్లకి చెవులు ఒప్పగించి, అవి పోయాక వాచీలూ కాగితాలూ చూసి, ఎదుటి జనం మొహాలు చూసి, వీపాట ఆడుతున్నారు. ఒకడికి తెలియకుండా ఒకడు. ఇన్ని వేసవులుగా ఆ కుర్చీ కోసం కొట్లాడుకున్నదంతా ఇదన్నమాట. చుట్టూ ఉన్న జనంలో కొందరు మొహమొహాలు చూసుకున్నారు. ఒక చిన్నపిల్ల కిసుక్కుమంటే వాళ్ళమ్మ నోరు మూసింది. నాకు నవ్వు రాలేదు.

ఇక రోలండ్ చెప్పాలి. అతను నా వైపు చూశాడు.

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. అతని చూపు నా చేతుల మీంచి కేకు డబ్బా మీదికి వెళ్ళి, మళ్ళీ చేతుల మీదికి వచ్చింది. పక్కన ముగ్గురూ ఆవిడే అన్నారన్న సంగతి వాళ్ళ పెదాల మీద అతను చూశాడు. అదే మాట తనూ అంటే సరిపోతుంది. ఆ ముగ్గురితో పాటు నవ్వులపాలు, అంతకు మించి పోయేదేమీ లేదు, గాలి మీద తోసెయ్యొచ్చు. నిజం చెప్పొద్దూ, నా చెయ్యి ఒకసారి డబ్బా మూత దాకా పోబోయింది. ఎంతయినా నా మొగుడు. కానీ నా మంచం కింద పెట్టె ఉంది. చేతులు ఒళ్ళోనే ఉంచుకున్నాను.

రోలండ్ నోరిస్ వైపు తిరిగాడు.

"నాకు వినపడదు నోరిస్," అన్నాడు. "కొన్నేళ్ళుగా వినపడడం లేదు. మేలో చెప్పింది నేను కాదు, థెల్మా. తను పొట్లం విప్పుతుంది, నేను చెప్తాను. ఇప్పుడు తను ఏమీ విప్పలేదు. కాబట్టి వెనక ఏమీ లేదు."

వాళ్ళు ఆ మాట కూడా సరిగా వినలేదనుకుంటాను. రోలండ్ లేచి, వాళ్ళకి పెదాలు కనపడేలా ఇంకోసారి చెప్పి, కుర్చీ తిప్పుకున్నాడు. అతన్ని చూసి మిగతా ముగ్గురూ తిరిగారు. ఖాళీ రన్‌వే, కాకి. అవతల ఆవిడ, కదలకుండా. నిచ్చెన మీది మనిషి పిర్రలు మాత్రం కనపడుతున్నాయి.

వాళ్ళలో ఒక్కడు, ఒక్కడైనా, నాకూ వినపడదురా అంటాడేమోనని చూశాను. అని ఉంటే ఆ పూట కేకు నలుగురికీ కోసేదాన్ని. క్లైవ్ పెదవులు కదిలాయి. నోరిస్ వైపు చూసి మళ్ళీ మూసుకున్నాడు. టిబ్స్ వంగి బూటు తాడు కట్టుకోసాగాడు. నోరిస్ తొడుగులు తీసి, మడిచి, జేబులో పెట్టుకుని, గాలి అని మొదలుపెట్టాడు. గాలి అటు నుంచి వస్తే పాత ప్రతిధ్వనులు కూడా వినపడతాయట, అనుభవం ఉన్న చెవికి.

తర్వాత రోలండ్‌తో పెద్దమనిషి తరహాలో మాట్లాడాడు. జరిగింది చాలా విచారకరమన్నాడు. "కానీ మోసం మోసమే. ఆ కుర్చీకి ఒక పరువుంది. నువ్వే అర్థం చేసుకోవాలి."

మూల కుర్చీ లాక్కుని నోరిస్ తన కింద వేసుకున్నాడు. ఇంజనే వెయ్యని విమానంలో మూడో ఇంజన్ గరగర పట్టుకున్న చెవి అది, ఇత్తడి రేకుకి తగిన చెవే. టిబ్స్ నోరిస్ ఖాళీ చేసిన కుర్చీని రోలండ్‌కేసి కాలితో నెట్టాడు, అది కూడా చూడకుండా.

నేను బుట్ట సర్దుకుని లేచాను. నోరిస్ పక్కగా వెళ్తూ, మామూలు గొంతుతో, "నీ మూడో ఇంజన్లో చేపలు వేగుతున్నాయి నోరిస్, వేడిమీద తెచ్చుకో," అన్నాను.

"నీ దయ అమ్మా," అన్నాడు తల వంచి.

కార్ల మైదానంలో మా కారు చివరి వరసలో ఉంది. రోలండ్ నా పక్కన నడిచాడు, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. షో మధ్యలో వెళ్ళిపోవడం మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి. కారులో కూర్చున్నాక తాళం తిప్పలేదు. కోటు లోపలి జేబులో చెయ్యి పెట్టి యంత్రాల డబ్బా తీశాడు. అది బీరువా సొరుగులో ఉందనే అప్పటిదాకా నేను అనుకున్నాను. దాని అంచులు అరిగి ఉన్నాయి. వేసవంతా జేబులో వేసుకుని తిరిగాడన్నమాట, తియ్యడానికి ధైర్యం లేక.

ఒక్కొక్కటే చెవిలో పెట్టుకున్నాడు. సీటు కిర్రుమంటే ఉలిక్కిపడ్డాడు.

"ఏదైనా మాట్లాడు," అన్నాడు.

ఇన్నేళ్ళుగా దాచుకున్న తిట్లు నా దగ్గర బోలెడు ఉన్నాయి. వరసగా అప్పజెప్పగలను. తీరా అడిగితే ఒక్కటీ నోటికి రాలేదు. ఫ్లాస్కులో ఇంకా టీ ఉంది, తాగుతావా అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు. పెదాలు కాదు, కళ్ళు చూశాడు. "నీ గొంతు మారిపోయింది థెల్మా."

"మారలేదు. ముసలిదైంది," అన్నాను. "నువ్వు అక్కడ లేవు."

అతను స్టీరింగ్ చక్రం మీద రెండు చేతులూ పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. జులైలో పొయ్యి దగ్గర అన్న మాటలు అప్పుడే చెప్పాలా అనుకున్నాను. చెప్పాలి, ఇవాళ కాదు అనుకున్నాను. అవి మళ్ళీ చెప్పాలంటే ఇక విట్‌బీలో ఉండి చెప్పలేనని కూడా అప్పుడే తట్టింది.

సరిగ్గా అప్పుడే మైదానం మీద ఒక రొద పుట్టింది. ఒకటి, దాని వెనక రెండోది, మూడోది, కాస్త ఆగి నాలుగోది. కార్ల మధ్య జనం ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. చూస్తుండగానే ఆవిడ చెట్ల మీదుగా లేచి, నల్లటి కడుపు కనపడేంత కిందుగా, మా మీంచి వెళ్ళింది. కారు పైకప్పు అదిరింది. నాకు తెలియకుండానే మెడ వంచి పైకి చూశాను. అటు కంచె మూలన ఇత్తడి రేకు కుర్చీలో నోరిస్ గుండె మీద చెయ్యి వేసుకుని, ఏదో ఒకటి వింటూనే ఉండి ఉంటాడు.

రోలండ్ మొహం చిట్లించాడు. కుడిచెయ్యి లేచి చెవి దాకా వెళ్ళింది. యంత్రం అంచుని వేళ్ళు పట్టుకున్నాయి. నేను చూస్తూ ఊరుకున్నాను. ఒక్క లాగు లాగితే చాలు, తనకి గుర్తున్న పాత చప్పుడులో ఎంతో కొంత అతనికి దక్కేది. రొద చెట్ల అవతలకి వెళ్ళి, సన్నబడి, పోయేదాకా ఆ వేళ్ళు అక్కడే ఉన్నాయి.

"నాలుగు కందిరీగలు," అన్నాడు.

చెయ్యి దించి గేరు మీద వేశాడు. యంత్రాలు చెవుల్లోనే ఉన్నాయి. నేను ఒళ్ళో ఉన్న కేకు డబ్బా మూత తీసి, పెద్ద ముక్క కోసి, అతని చేతిలో పెట్టాను.